కడుపు నిండితే చాలదు: పెరిగే కుక్కపిల్లకు తిండి ఎంత పెట్టాలి?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ పరీక్షలకు ఎలా చదవాలి, ఆరోగ్యం ఎలా కాపాడుకోవాలి అనే వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి మేము కుక్కపిల్ల తిండి గురించి రాస్తామంటే స్టడీ అవర్‌లో చాలామంది నవ్వారు. "కుక్కకు లెక్కేందిరా, మిగిలింది పడేస్తే తింటది" అన్నారు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాం. అలా అనుకున్నందుకు ఒక కుక్కపిల్లను పోగొట్టుకున్నాం. అందుకే ఈ పాఠం రాస్తున్నాం.

మేము చేసిన తప్పు

కొంపల్లి రోడ్డు సంగతి మీకు తెలియనిది కాదు. మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి అది. రాత్రనక పగలనక లారీలు ఆగవు. వానాకాలం చివర్లో ఒక రాత్రి మన గేటు బయట తిరిగే ఎర్ర కుక్క ఆ రోడ్డు మీద లారీ కింద పడి చనిపోయింది. దాని పిల్లలు మూడు నీళ్ల ట్యాంకు వెనక ఇటుకల మధ్య ఉన్నాయి. అప్పటికి వాటి వయసు ఆరు వారాలు ఉంటుందేమో. నల్లోడు, ఎర్రది, బుడ్డోడు అని పేర్లు పెట్టాం.

మాలో ఒకరు తిన్న పళ్లెంలోంచి ఒకరికి పోటీగా ఒకరం అన్నం తెచ్చి పెట్టేవాళ్లం. చారు కలిపిన అన్నం, చారు లేని రోజు పాలు కలిపిన అన్నం. బుడ్డోడు అందరికంటే ఎక్కువ తినేవాడు. వాడి పొట్ట డోలులా ఉబ్బితే "మస్తు బలిసిండు" అని మురిసిపోయాం. రెండు వారాలు తిరగకముందే వాడికి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజు లేవలేకపోయాడు. మూడో రోజు తెల్లవారి చూసేసరికి లేడు.

మిగతా రెండింటిని అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల దవాఖానకు పోయాం. డాక్టర్ మేడమ్ వాటి పొట్టలు తడిమి చూసి, "ఏం పెడుతున్నరు బాబూ?" అని అడిగారు.

"అన్నం, చారు మేడమ్. మంచిగనే తింటున్నయి."

"కడుపు నిండా పెట్టిన్రు. అది కనబడుతనే ఉంది. కానీ పొట్ట తప్ప ఇంకేం పెరగలేదు చూడండి. వెన్నెముక చేతికి గుచ్చుకుంటుంది, కాళ్లు సన్నగ ఉన్నయి. కడుపుల నులిపురుగులున్నయి. అవి సగం తింటున్నయి, మిగిలిన సగంల పిల్లకు కావాల్సింది లేదు."

ఆ రోజు మేడమ్ ఒక పాత చీటీ వెనక రాసిచ్చిన లెక్క మాకు లెక్కల పాఠంలా, సైన్సు పాఠంలా ఉపయోగపడింది. దాన్నే ఇక్కడ మీకు చెబుతున్నాం.

మొదటి మెట్టు: బరువు తూచడం

వయసును బట్టి తిండి పెట్టడం ఉజ్జాయింపు పద్ధతి. బరువును బట్టి పెట్టడం సరైన పద్ధతి. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా ఒకటి రెండు కిలోలుంటే ఇంకొకటి కిలో పైచిలుకే ఉండొచ్చు.

స్టోర్ రూములో పప్పులు తూచే కాంటా మీద కుక్కపిల్లను ఎక్కించకూడదు. అది మన తిండి తూచేది. మేము పాత పేపర్లు కొనే అన్న దగ్గర కొక్కెం తరాజు అడిగి తెచ్చుకుని, గుడ్డ సంచిలో పిల్లను కూర్చోబెట్టి తూచాం. తర్వాత ఖాళీ సంచి బరువు తీసేశాం. మొదటి రోజు నల్లోడు, ఎర్రది చెరో 1.3 కిలోలు వచ్చాయి. వారానికొకసారి, ఆదివారం పొద్దున, తిండి పెట్టకముందు తూచి నోటుబుక్కులో రాసుకున్నాం.

రెండో మెట్టు: లెక్క కట్టడం

ఒంటికి కావలసిన శక్తిని కిలో కేలరీలలో కొలుస్తారు. మనం మాటల్లో కేలరీ అంటున్నది దీన్నే. ఊరికే పడుకున్నా ఊపిరికి, గుండెకు, ఒంటి వేడికి కొంత శక్తి ఖర్చవుతుంది. పశువైద్యులు దాన్ని ఇలా లెక్కిస్తారు: బరువు నాలుగింట మూడు వంతుల ఘాతాన్ని 70తో గుణించాలి. ఘాతం అనగానే భయపడనక్కరలేదు. మామూలు కాలిక్యులేటర్ చాలు. బరువును మూడుసార్లు వేసి గుణించండి. వచ్చినదానికి వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కండి. దాన్ని 70తో గుణించండి.

ఉదాహరణకు పిల్ల బరువు 2 కిలోలు. 2 × 2 × 2 = 8. వర్గమూలం 2.83. మళ్లీ వర్గమూలం 1.68. 70తో గుణిస్తే సుమారు 118 కిలో కేలరీలు. ఇది కదలకుండా ఉంటే అయ్యే ఖర్చు మాత్రమే.

పిల్లకు ఆట ఉంది, పెరుగుదల ఉంది. అందుకని నాలుగు నెలల లోపు పిల్లకు దీనికి 3 రెట్లు, నాలుగు నెలలు దాటాక 2 రెట్లు ఇవ్వాలి. అంటే మన 2 కిలోల పిల్లకు రోజుకు సుమారు 350.

తమ్ముళ్లు ప్రతిసారీ లెక్క కట్టనక్కరలేకుండా రోజు మొత్తానికి కావలసిన కిలో కేలరీలు ఇక్కడ ఇస్తున్నాం.

నాలుగు నెలల లోపు:
1 కిలో – 210
2 కిలోలు – 350
3 కిలోలు – 480
4 కిలోలు – 595

నాలుగు నెలలు దాటాక:
6 కిలోలు – 535
8 కిలోలు – 665
10 కిలోలు – 785

4 కిలోల పిల్లకు 595 అయినప్పుడు 6 కిలోల పిల్లకు 535 ఏమిటని సందేహం రావచ్చు. నాలుగు నెలల తర్వాత పెరిగే వేగం తగ్గుతుంది కాబట్టి రెట్లు తగ్గుతాయి. అయితే ఒక్క రోజులో తగ్గించకూడదు. రెండు మూడు వారాల్లో మెల్లగా దించాలి.

ఇంకో సంగతి గమనించండి. పూర్తిగా పెరిగిన 15 కిలోల కుక్కకు, ఆపరేషన్ అయినదైతే, రోజుకు 850 చాలు. కిలోకు లెక్కిస్తే 57. రెండు కిలోల పిల్లకు కిలోకు 175. అంటే పిల్ల తన ఒంటి బరువు మీద పెద్ద కుక్కకంటే మూడు రెట్లు తినాలి. పెద్ద కుక్కకు సరిపోయే నాసి తిండి పిల్లకు సరిపోకపోవడానికి కారణం ఇదే.

మూడో మెట్టు: అందులో ఏముందో చూడటం

ఇక్కడే మేము దెబ్బతిన్నాం. ఆ మూడు పిల్లలకు కలిపి రోజుకు సుమారు 600 గ్రాముల అన్నం పెట్టేవాళ్లమని తర్వాత తూచి చూసుకుంటే తెలిసింది. 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 130 కిలో కేలరీలు ఉంటాయి. మొత్తం 780. మూడు పిల్లలకు కావలసింది 765. లెక్క సరిగ్గా సరిపోయింది!

మరి లోటు ఎక్కడ? మాంసకృత్తులు, అంటే ప్రొటీన్ల దగ్గర. పెరిగే పిల్లకు ప్రతి 1000 కిలో కేలరీల తిండిలో కనీసం 56 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. అంటే ఆ మూడింటికి రోజుకు 43 గ్రాములు. 600 గ్రాముల అన్నంలో ఉన్నది 16 గ్రాములే. చారు నీళ్లలో లెక్కించదగినంత ఏమీ ఉండదు. కడుపు నిండింది, ఒళ్లు నిండలేదు.

పాలతో ఆ లోటు తీరుతుందనుకోవద్దు. కుక్క పాలలో ఆవు పాలకంటే రెండింతలు ప్రొటీన్, రెండింతలు కొవ్వు ఉంటాయి. పాల చక్కెర మాత్రం ఆవు పాలలోనే ఎక్కువ. అది అరగక పిల్లలకు విరేచనాలు పడతాయి. పెరుగు కొంత నయం.

2 కిలోల పిల్లకు ఒక రోజుకు మేడమ్ చెప్పిన తిండి ఇది: వండిన అన్నం 90 గ్రాములు, ఉడికించిన గుడ్డు ఒకటి, ఎముకలు తీసి ఉడికించిన కోడిమాంసం 50 గ్రాములు, పెరుగు 60 గ్రాములు, ఉడికించిన క్యారెట్ లేదా గుమ్మడి కొంచెం, నూనె ఒక చిన్న చెంచా. అన్నీ కలిపితే 350 వస్తుంది. ప్రొటీన్ 25 గ్రాముల దాకా ఉంటుంది. మా స్టీలు గ్లాసులో నొక్కకుండా పోస్తే 90 గ్రాముల అన్నం పట్టింది. మీ గ్లాసు మీరు తూచుకోండి.

అన్నం, మాంసం, గుడ్డు సొనల్లో కాల్షియం బాగా తక్కువ. ఉత్త మాంసం పెట్టి పెంచినా కాళ్లు వంకర పోతాయి. గుడ్డు పెంకును ఉడకబెట్టి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేసి కలపవచ్చు. ఎంత కలపాలో బరువు చెప్పి డాక్టరును అడగాలి. ఎక్కువైనా ప్రమాదమే. చిన్న పిల్లల పేగులు అదనపు కాల్షియాన్ని వద్దని ఆపలేవు.

ఈ పాఠం కుక్కలే మనిషికి నేర్పాయి

మనకు సైన్సులో విటమిన్ల పాఠం ఉంది. అందులో రికెట్స్ పేరు చదువుకున్నాం. ఆ జబ్బు తిండి లోపం వల్ల వస్తుందని లండన్‌లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించింది కుక్కపిల్లల మీదే. గంజి, రొట్టె వంటి తిండితో పెంచిన పిల్లల కాళ్లు వంగిపోయాయి. కాడ్ చేప నూనె ఇచ్చిన పిల్లలు బాగున్నాయి. 1919లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. ఆ తర్వాతే విటమిన్ డి అనే పేరు వచ్చింది. మనిషి చర్మం ఎండలో విటమిన్ డి తయారు చేసుకుంటుంది. కుక్క చర్మం తగినంత చేసుకోలేదు. దానికి గుడ్డు పచ్చసొన, చేప, కాలేయం వంటి తిండి ద్వారానే అందాలి.

ఇంకో ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో, కుక్కకాటు మందు తయారు చేసే పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో మొదలైంది. 1958లో హైదరాబాదు వచ్చింది. మన దక్కన్ మెట్ట ప్రాంతాల్లో జొన్న తప్ప వేరే తిండి దొరకని పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలేది. డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు దీని మీద పరిశోధన చేశారు. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటం ఒక కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. 1965లో, జొన్న ప్రధానంగా ఉన్న తిండి పెట్టిన కుక్కలకు నల్ల నాలుక జబ్బు రావడాన్ని చూపించారు. కుక్కల్లో నల్ల నాలుక, మనిషిలో పెల్లాగ్రా రెండూ నయాసిన్ అనే విటమిన్ లోపం వల్ల వచ్చేవే.

తప్పు జొన్నది కాదు. పక్కన పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూర లేకపోవడం తప్పు. మన తాతలు కడుపు నిండా జొన్న గట్క తిని కూడా జబ్బు పడింది అందుకే. బుడ్డోడి కథా అదే.

ఎన్నిసార్లు పెట్టాలి? పాళ్లు ఎప్పుడు మార్చాలి?

రోజు లెక్క మొత్తం ఒకేసారి పెట్టకూడదు. మూడు నెలల లోపు రోజుకు 4 సార్లు, ఆరు నెలల వరకు 3 సార్లు, ఆ తర్వాత 2 సార్లు. మేము పొద్దున టిఫిన్ వేళ, బడి నుంచి అన్నానికి వచ్చినప్పుడు, సాయంత్రం, రాత్రి స్టడీ అవర్ అయ్యాక పెట్టేవాళ్లం. పక్కన శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

కాగితం మీది లెక్క మొదలుపెట్టడానికి మాత్రమే. తర్వాత పిల్ల ఒళ్లే చెబుతుంది. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే తగలాలి, కంటికి కొట్టొచ్చినట్టు కనబడకూడదు. పైనుంచి చూస్తే నడుము కొంచెం లోపలికి ఉండాలి. ఎముకలు బయటికి కనిపిస్తే తిండి పదో వంతు పెంచండి. ఎంత తడిమినా ఎముక తగలకపోతే పదో వంతు తగ్గించండి. పొట్ట ఒక్కటే ఉబ్బి ఒళ్లు సన్నగా ఉంటే అది బలం కాదు, నులిపురుగుల గుర్తు. పిల్లకు రెండు వారాల వయసు నుంచి పదిహేను రోజులకోసారి, మూడు నెలలు నిండాక ఆరు నెలల వరకు నెలకోసారి డాక్టరు చెప్పిన మోతాదులో పురుగుల మందు పట్టించాలి.

ఇవి పెట్టవద్దు

కొంపల్లిలో ఫంక్షన్ హాళ్లకు, ధాబాలకు కొదవ లేదు. పెళ్లి అయిన మర్నాడు మిగిలిన బిర్యానీ పారబోస్తారు. దాన్ని తెచ్చి పెడితే పుణ్యమని అనుకుంటాం. ఉడికిన కోడి ఎముక నమిలితే సూదుల్లా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తకణాలను పాడు చేస్తాయి. సాంబారు అన్నం, కూర అన్నం పెట్టవద్దని చెప్పేది అందుకే. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ విషంతో సమానం.

గుడ్డు ఎక్కడి నుంచి?

ఇది అసలు ప్రశ్న. మేడమ్ గుడ్డు అనగానే మాలో ఒకడు "మాకు హాస్టల్ల గుడ్డు ఇస్తరు మేడమ్, మేం తినకుండ పెడతం" అన్నాడు. మేడమ్ రాయడం ఆపి మా వైపు చూశారు. "మీ గుడ్డు మీరు తినండి. మీరూ పెరిగే పిల్లలే" అన్నారు.

ఆ మాట మేము మరచిపోలేదు. ఆలోచిస్తే మన మెస్ ఛార్జీల లెక్కా ఇలాంటిదే. 2024లో ప్రభుత్వం డైట్ ఛార్జీలు 40 శాతం పెంచినప్పుడు నెలకు 3 నుంచి 7వ తరగతి వరకు 950 రూపాయలను 1330 చేసింది. 8 నుంచి 10 వరకు 1100ను 1540, ఇంటర్ నుంచి పీజీ వరకు 1500ను 2100 చేసింది. ఎదిగే ఒంటికి ఎంత కావాలో లెక్క వేసి ఒక్కొక్క పిల్లవాడి పేరు మీద ఇచ్చే తిండి అది. అందులోంచి ఒక గుడ్డు తీస్తే ఒక పిల్లవాడి ప్రొటీన్లో 6 గ్రాములు పోయినట్టే. వార్డెన్ సార్ కూడా రేషన్ లోంచి గింజ ముట్టవద్దని, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన తెల్లన్నం మాత్రం తీసుకోవచ్చని చెప్పారు. కామాటి అక్క రోజూ చారు తగలకుండా ఒక గిన్నెలో అది తీసి పెట్టేది. గుడ్లకు మేము పన్నెండు మందిమి ఇంటి నుంచి తెచ్చుకున్న చిల్లర వేసుకున్నాం. ఒక పాత విద్యార్థి అన్న సంగతి తెలిసి రెండు ట్రేల గుడ్లు కొనిచ్చాడు. చికెన్ షాపులో కందనకాయలు, మెడ ముక్కలు తక్కువ ధరకు దొరికేవి. మెడ ఎముకలు తీసేసి ఉడికించి పెట్టాం.

తిండితో పని అయిపోదు

తిండి పెట్టినవాడికి బాధ్యత కూడా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బుల టీకాలు మొదలుపెట్టి నాలుగు నెలలు నిండేవరకు 3–4 వారాలకోసారి వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఏడాదికి మళ్లీ ఒకటి. పిల్ల కుక్కే కదా అని పంటి గాటును, గోటి గీరును తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి అదే రోజు దవాఖానకు పోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ముందుగా టీకా పడితే ప్రాణం దక్కుతుంది. మా గదిలో ఒకడికి గోరు గీరితే దాచుకున్నాడు, తిడతారని. రెండో రోజు తెలిసి వార్డెన్ సార్ స్వయంగా తీసుకుపోయి సూదులు వేయించారు. తమ్ముళ్లారా, ఇది దాచే విషయం కాదు.

ఇంకా హాస్టల్ కుక్కల్ని పెంచే చోటు కాదు. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి వీధికుక్కలను తరలించి, ఆపరేషన్, టీకాలు చేయించి షెల్టర్లలో ఉంచాలని, మళ్లీ అక్కడే వదలవద్దని ఆదేశించింది. చిన్న తరగతుల పిల్లలు తిరిగే చోట ఇది అవసరమే. కాబట్టి కుక్కపిల్లలు కనిపిస్తే మొదటి రోజు నుంచే వాటికి ఇల్లు వెతకాలి.

మేమూ అదే చేశాం. మూడు నెలలకు నల్లోడు 4 కిలోలు, ఆరు నెలలకు 9 కిలోలు తూగాడు. ఎర్రది అర కిలో తక్కువ. రేబిస్ టీకాలు పడ్డాక ఎర్రదాన్ని శామీర్‌పేట వైపు గొర్లు కాసే ఒక మిత్రుడి కుటుంబం తీసుకుపోయింది. నల్లోడు మేడ్చల్ దగ్గర కోళ్ల షెడ్డు కాపలా తాతతో ఉన్నాడు. పోయినసారి చూడ్డానికి వెళితే గుర్తుపట్టి మీదికి ఎగిరాడు. తాత వాడికి ఏం పెడుతున్నాడో అడిగాం. "పగిలిన గుడ్లు మస్తుంటయి బిడ్డా" అన్నాడు. మాకు తృప్తి కలిగింది.

బరువులు రాసిన నోటుబుక్కు స్టడీ రూము బీరువాలో పెట్టి వచ్చాం. మొదటి పేజీలో మూడు పేర్లున్నాయి. బుడ్డోడి పేరు ఎదురుగా బరువు లేదు, ఎందుకంటే వాణ్ని మేము ఒక్కసారి కూడా తూచలేదు. మీకు ఎప్పుడైనా అలాంటి పిల్ల దొరికితే ముందు తరాజు తెచ్చుకోండి, తర్వాత గిన్నె తీయండి. మీ పళ్లెంలోని గుడ్డు మాత్రం మీరే తినండి.